మందుకు ముందొక మాట

కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఏ ఆసుపత్రి వార్డులోనైనను నిలిచి "మాలకొండయ్యా!" అని పిలిచినచో ఇద్దరు ముగ్గురు తలయెత్తి చూచుట వింత కాదు. "పెంచలమ్మా!" అన్నను అంతే. ఉత్తరమున మాలకొండ నరసింహస్వామి, దక్షిణమున పెంచలకోన నరసింహస్వామి, నడుమ నర్రవాడ వెంగమాంబ పేరంటాలు వెలసిన మెట్టసీమ అది. ఈ ముగ్గురిలో ఒకరి పేరైనను పెట్టుకొనని కుటుంబమును అచ్చట వెదకి పట్టవలసినదే. భక్తులకు ఇది ముచ్చటయే గాని, మందుల ట్రే చేతబట్టుకొని మంచము మంచమునకు తిరుగు నర్సుకు మాత్రము పరీక్ష. "నువ్వు మాలకొండయ్యవే గదా?" అని ఆమె అడిగినచో చెవులు సరిగా వినబడని ముసలివాడు తల ఊపును. జ్వరముతో సగము మగతలో నున్నవాడును ఊపును. తెల్లబట్టలు తొడిగినవారు అడిగినపుడు కాదనుట మర్యాద గాదని తలచువాడును ఊపును. అట్లుగాక, "నీ పేరేంది పెద్దాయనా? ఇంటిపేరేంది? ఏ ఊరు మీది?" అని అడిగినచో తల ఊపి తప్పించుకొనుటకు వీలులేదు, రోగియే తన నోట చెప్పవలసి వచ్చును. ప్రశ్న అడుగు తీరు మారినంత మాత్రమున ఒకరి సూదిమందు మరొకరికి పడకుండ ఆగినదన్నమాట.

నర్సింగు విద్యార్థినులకు తొలినాళ్ళలోనే నేర్పు పాఠమిది. మందు ఇచ్చుటకు ముందు ఐదు సంగతులు చూచుకొనవలెను: సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ. ఈ ఐదింటిని కంఠస్థము చేయని నర్సు ఉండదు. అయినను పొరపాట్లు జరుగుచునే యున్నవి. మన దేశమున మాత్రమే గాక, వసతులకు కొదువలేని దేశములందును జరుగుచున్నవి. అమెరికాలోని వైద్యవిద్వాంసుల సంస్థ 1999లో వెలువరించిన నివేదికలో, ఆ దేశపు ఆసుపత్రులలో చికిత్సాపరమైన తప్పిదముల వలన ఏటా 44,000 నుండి 98,000 మంది వరకు మరణించుచున్నారని అంచనా వేసిరి. ఆ అంకెలు వైద్యలోకమును ఉలికిపడజేసినవి. 2017 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వాడకములోని హానిని తగ్గించుటకు ఒక ఉద్యమమును ఆరంభించుచు, ఈ ఒక్క రకపు తప్పిదముల ఖర్చే ప్రపంచమునకు ఏటా 4,200 కోట్ల డాలర్లని లెక్క చెప్పినది. సెప్టెంబరు 17న జరుపు రోగి భద్రతా దినమునకు 2022లో మందుల భద్రతనే విషయముగా స్వీకరించి మూడు మాటలను ప్రజల ముందుంచినది: తెలిసికొనుడు, సరిచూడుడు, అడుగుడు. ఈ మూడింటిలో చివరిదానిని గూర్చియే మేము నేడు ముఖ్యముగా ముచ్చటింపదలచితిమి. ఏలయనగా సీసా మీది పేరు, చీటీ మీది మోతాదు, గోడమీది గడియారము నర్సు కంటికి కనబడునవి. రోగి యింటిలో, సంచిలో, మనసులో నున్నవి ఆమె అడిగిననే గాని తెలియవు.

మోతాదు సంగతియే చూడుడు. ఉదయగిరి కొయ్య చెంచాలు ఎంతో పేరుగన్నవి. అచ్చటి పనివారు చెక్కు చెంచాలలో వేలెడేసి చిన్నవి గలవు, గరిటెలంత పెద్దవియు గలవు. వంటయింటి చెంచా ఏ ఊరిదైనను, కొయ్యదైనను, స్టీలుదైనను అంతియే. ఒక యింటి చెంచాకు మరొక యింటి చెంచాతో పోలిక యుండదు. "పూటకొక చెంచా పట్టమ్మా" అని నర్సు చెప్పినపుడు ఆమె తలచునది 5 మిల్లీలీటర్లు. బిడ్డతల్లికి స్ఫురించునది తన వంటయింటిలో వ్రేలాడు చెంచా. మందుసీసా మీద బోర్లించి వచ్చు గీతల చిన్న గిన్నె ఇందుకే గలదు. చాల యిండ్లలో అది మొదటి దినముననే పిల్లల ఆటవస్తువగును. పసిబిడ్డల జ్వరమునకిచ్చు పారాసిటమాల్ మందులో మరియొక చిక్కు గలదు. ఒక రకపు సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, వేరొక దానిలో అంతే కొలతకు 250 మిల్లీగ్రాములు. చుక్కలుగా వేయు చిన్న సీసాలో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉండును. ఆ చుక్కల మందును చెంచాతో పోసిన తల్లి, తెలియకయే మొదటి మందుకు నాలుగింతలు పట్టినట్లగును. కావున "చెంచా" అని చెప్పి ఊరకుండక, ఆ గిన్నెలో ఏ గీత వరకు పోయవలెనో తల్లి చేతనే ఒకసారి నీళ్ళు పోయించి చూచు నర్సును మేము మెచ్చుకొందుము. రెండు నిమిషముల పని.

ఇన్సులిన్ విషయమున ఈ కొలతల చిక్కు ఇంకను ప్రమాదకరము. మన దేశమున సీసాలలో దొరకు ఇన్సులిన్ సాధారణముగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలము గలది. దానికి ఎర్రమూత సిరంజి. 100 యూనిట్ల బలము గలదానికి నారింజరంగు మూత సిరంజి. ఎర్రమూత సిరంజిలో 100 బలపు మందును 20వ గీత వరకు లాగినచో, ఇరువది యూనిట్లకు బదులు ఏబది యూనిట్లు దేహములో ప్రవేశించును. రోగి చెమటలు పట్టి స్పృహ దప్పిపోవును. తారుమారై నారింజమూత సిరంజిలో 40 బలపు మందు పడినచో, ఇరువదికి బదులు ఎనిమిది యూనిట్లే అందును. చక్కెర దిగదు, కారణము తెలియదు. ఒకనాడు అంగడిలో ఎర్రమూతవి అయిపోయినవి, "ఏదైతేనేమి" అని వేరొకటి ఇచ్చిరి. అంతటితో కథ మొదలగును. ఇంటికి సిరంజి ఏది తెచ్చుకొన్నారో అడిగి చూచుట మందు ఇచ్చుటలోని భాగమే.

వేళను గూర్చి రెండు మాటలు. చక్కెరవ్యాధికి కొన్ని బిళ్ళలు భోజనముతో ముడిపడినవి. శనివారము ఒంటిపూట ఉండు గృహిణి, ఏకాదశి ఉపవాసముండు పెద్దమ్మ, రంజాను నెల పొడుగునా పగలంత మంచినీరైనను ముట్టని ఉదయగిరి, అనుమసముద్రంపేట ముస్లిం సోదరులు ఆ బిళ్ళలను మామూలుగ వేసికొని భోజనము మానినచో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. ఉపవాసము మానుమని గద్దించుట సులభము. వారు తల ఊపి ఇంటికి పోయి ఉపవాసమే చేయుదురు. ముందుగనే అడిగి తెలిసికొన్నచో వైద్యుడు మోతాదును, వేళను మార్చి వ్రాయగలడు. అట్లే గర్భిణులకిచ్చు ఇనుపధాతువు బిళ్ళను, సున్నపుధాతువు బిళ్ళను ఒక్కమారు మ్రింగరాదు. ఒకటి రెండవదానిని ఒంటబట్టనీయదు. ఇనుపబిళ్ళ మీద కాఫీ, టీ త్రాగుటయు అంతే. రెండు రకముల బిళ్ళలను ఒకే కవరులో పోసి యిచ్చినచో ఏ గర్భిణి మాత్రము ఇది యెట్లు ఊహింపగలదు?

ఇప్పుడు ఈ మెట్టసీమకే ప్రత్యేకమైన సంగతికి వచ్చుచున్నాము. 1930 ప్రాంతముల నాటి నెల్లూరు జిల్లా మెట్టగ్రామములలో రైతులు ఒక వింత గమనించిరి. దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి, నొప్పితో నడువలేక కూలబడుచుండెను. కొన్నాళ్ళకు అదియే లక్షణము మనుష్యులలోను కనబడినది. షార్ట్ అను వైద్యశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి శోధించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని 1937లో ప్రకటించెను. ఎముకలకు సోకు ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశమున గుర్తించి వ్రాయుట అదియే ప్రథమము. నాటి పరిశోధన జరిగిన పొదిలి, దర్శి, కనిగిరి భాగములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు దానిలో చేరినవి. నేల మాత్రము గీత గీసినచోట ఆగిపోలేదు గదా! ఉదయగిరి చుట్టుపట్ల పెక్కు గ్రామముల బోరునీటిలోను ఫ్లోరైడు గలదు. అందుచేత ఇచ్చట నడుమునొప్పి, మోకాళ్ళనొప్పి, మెడ బిగియుట ముసలితనము కొరకు ఎదురుచూడవు. నలువది యేండ్లు నిండకమునుపే నడుము వంగినవారిని ఈ గ్రామములలో చూడవచ్చును.

నొప్పి యున్నచోట నొప్పిబిళ్ళ యుండును. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫినాక్ మొదలగు బిళ్ళలు అంగడిలో చిల్లరకు దొరకును. నాలుగు దినములు వాడినచో నొప్పి తగ్గును. ఏండ్ల తరబడి వాడినచో మూత్రపిండములు దెబ్బతినును. ఇచ్చట ఒక విషవలయము గలదు. దేహములోనికి చేరిన ఫ్లోరైడును బయటకు పంపు పని ముఖ్యముగా మూత్రపిండములదే. అవి బలహీనపడినకొలది ఫ్లోరైడు దేహముననే నిలిచి ఎముకలకు పట్టును. ఎముకలకు పట్టినకొలది నొప్పి హెచ్చును. నొప్పి హెచ్చినకొలది బిళ్ళ హెచ్చును. నీటితో మొదలైన జబ్బును మందు పెంచి పోషించినట్లగును.

దీనికి రక్తపోటు తోడైనచో మరింత కష్టము. 2018 తరువాత ఉపకేంద్రముల స్థాయిలో ఏర్పడిన ఆరోగ్యకేంద్రములలో నర్సింగు చదివిన యువతీయువకులు నియమితులై, రక్తపోటుకు, చక్కెరవ్యాధికి బిళ్ళలను ఊరిలోనే ఇచ్చుచున్నారు. ఇది మంచి మార్పు. పూర్వము ఈ బిళ్ళల కొరకు బస్సెక్కి పట్టణము పోవలసియుండెను. అయితే రక్తపోటుకిచ్చు టెల్మిసార్టాన్ వంటి మందు ఒకటి, మూత్రమును ఎక్కువగా పోయించు మందు మరొకటి, అంగడి నొప్పిబిళ్ళ మూడవది, ఈ మూడును ఒకే దేహములో కలిసినపుడు మూత్రపిండములు హఠాత్తుగా మొరాయింపవచ్చునని వైద్యులు చెప్పుదురు. రోహిణికార్తె యెండలో ఉపాధిపనికి పోయి, చెమటలు కారి, నీరు చాలని దేహమునకు ఆ ముప్పు ఇంకను ఎక్కువ. మొదటి రెండు మందులు నర్సు చేతిలోని చీటీలో నున్నవి. మూడవది రోగి కొంగుముడిలో నున్నది.

ఇంకొక రకము గలదు. పేరు లేదు, రేకు లేదు. కాగితపు పొట్లములో మూడు నాలుగు రంగుల బిళ్ళలు. వచ్చీరాని వైద్యులు కొందరు ఇచ్చు ఈ పొట్లములలో తరచుగా డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడు మందు దాగియుండును. అది చేసిన మేలు వంటిది మరొకటి చేయదనిపించును. ఆకలి పుట్టును, నొప్పి మాయమగును, ముఖము నిండుగ అగును. ఆ నిండుదనమే వాపని ఇంటివారికి తెలియదు. లోలోపల చక్కెర పెరుగును, ఎముక గుల్లబారును. అట్టివారు ఆసుపత్రిలో చేరి, పొట్లము మాట దాచిపెట్టి, ఆ మందు ఒక్కసారిగా ఆగిపోయినచో ప్రాణము మీదికి వచ్చును. స్టెరాయిడును ఎక్కువకాలము వాడినవారికి మెల్లమెల్లగా తగ్గింపవలెనే గాని తటాలున మాన్పరాదు.

మరి రోగులు ఏల దాచుదురు? మా యెరుకలో దీనికి ఒకే కారణము గలదు: చెప్పినచో తిట్లు పడుననియే. "నొప్పుల బిళ్ళలు మింగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని ఒకసారి విన్న అవ్వ రెండవసారి నోరు విప్పదు. "ఏం వేసుకోవడం లేదమ్మా" అని కొంగు సర్దుకొనును. నర్సు ఆ మాటనే చీటీలో వ్రాసికొనును. ఐదు సరులును సరిగానే యున్నవి. తప్పంతయు ఆ వ్రాతలో నున్నది. వేరొక నర్సు అదే అవ్వను అడుగు విధము చూడుడు. "మోకాళ్ళు ఎట్టుండాయి అవ్వా? నొప్పి మరీ ఎక్కువైన రోజు ఏం చేస్తావు?" అనును. అవ్వ చెప్పును: "ఏం చేసేది తల్లీ, అంగట్లో రెండు బిళ్ళలు తెప్పించుకుంటా. లేస్తేనే గదా పనికి పోయేది, పోతేనే గదా పొయ్యి వెలిగేది."

ఈ జవాబులో మందు పేరు కన్న ఎక్కువ సంగతి గలదు. అవ్వకు బిళ్ళ కావలసినది సుఖము కొరకు కాదు, కూలి కొరకు. ఆమె నొప్పికి వేరు ఉపాయము చూపక బిళ్ళ మానుమనుట, కూలి మానుమనుటయే. నొప్పికి పారాసిటమాల్‌ను వైద్యుడు చెప్పిన మోతాదులో వాడినచో మూత్రపిండములకు ఆ ముప్పు చాల తక్కువ. వేడినీటి కాపడము కొంత పని చేయును. త్రాగుటకు ఫ్లోరైడు లేని నీరు ఎచ్చట దొరకునో చెప్పవలెను. రక్తపరీక్ష చేయించి మూత్రపిండముల స్థితి చూడవలెను. రోగిని కేంద్రముగా నుంచుకొను సేవ అని నేడు పుస్తకములలో వ్రాయుచున్నారు. వినుటకు పెద్దమాట. కొందరు దీనిని చిరునవ్వు, మృదుభాషణమని మాత్రమే తలచుచున్నారు. మా అభిప్రాయములో ఆ అవ్వను తిట్టకుండుట మర్యాద మాత్రమే కాదు. సిరంజిని వేడినీటిలో మరిగించిన నాళ్ళలో ఆ మరిగించుట యెంత అవసరమో, ఇదియు అంత అవసరమైన పని. నిజము బయటకు వచ్చు దారి అదియొక్కటే.

అయితే నర్సులకు నీతులు చెప్పి తప్పుకొనుట న్యాయము కాదు. ఒక వార్డులో రాత్రివేళ ఒకే నర్సు, నలువది మంచములు, ఒక మూల ప్రాణాపాయములో నున్న రోగి, వాకిట బంధువులు — ఇట్టిచోట "ప్రతి రోగితోను నాలుగు నిమిషములు మాటలాడుము" అనుట తేలిక. మందులు ఇచ్చుచుండగా నడుమ నడుమ ఎవరో ఒకరు పిలుచుటయే పొరపాట్లకు పెద్ద కారణమని పలు దేశములలో గమనించిరి. కొన్నిచోట్ల ఆ సమయమున నర్సులు "మందులు ఇచ్చుచున్నాము, పలుకరింపకుడు" అని వ్రాసిన ఎర్రని పైకోటు తొడుగుకొందురట. మన బంధువర్గము ఆ కోటును చూచి ఆగునా యని మాకు సందేహమే, "ఒక్క నిమిషం సిస్టర్!" అను మాటకు మన ఆసుపత్రులలో అడ్డుకట్ట లేదు. అయినను శ్రోతలలో రోగుల బంధువులు ఎక్కువమంది గలరు గనుక చెప్పుచున్నాము: ట్రే చేతిలోనున్న నర్సును సెలైను సీసా సంగతి తప్ప వేరేదియు ఆ కాసేపు అడుగవలదు.

పొరపాటు జరిగినపుడు మనము చేయునదియు ఆలోచింపదగినదే. ఒక నర్సు తప్పు మందు ఇచ్చి, వెంటనే గ్రహించి, పెద్ద నర్సుతో చెప్పినదనుకొందము. ఆమెను అందరి యెదుట నిలబెట్టి నిందించినచో ఆ వార్డులో ఇక పొరపాట్లు జరుగవా? జరుగును, బయటకు మాత్రము రావు. ఒకే రంగు మూతతో, ఒకే పరిమాణముతో రెండు వేర్వేరు మందుల సీసాలు పక్కపక్కన ఉండుట వలన ఆమె పొరపడినదని తెలిసినచో, ఆ సీసాలను వేరు అరలలో పెట్టించుట పది మంది నర్సులను కాపాడును. నిర్లక్ష్యము వేరు, పొరపాటు వేరు. రెంటికిని ఒకే శిక్ష విధించుచోట ఎవరును నోరు విప్పరు. రోగికి చెప్పినదే నర్సుకును వర్తించుచున్నది గదా!

ఇంటికి పంపునపుడు అన్నియు చెప్పి, "అర్థమైందా?" అని అడుగుట మన అలవాటు. "అర్థమైంది" అనుట రోగుల అలవాటు. "ఇంటికి పోయి ఎట్టా వేసుకుంటావో నాకొకసారి చెప్పు తాతా" అని అడిగినచో అసలు సంగతి తేలును. "ఈ తెల్లబిళ్ళ పొద్దున, ఈ పెద్దది మాపటేళ కూటి తర్వాత" అని తాత చెప్పి, వారమునకొక్కసారి వేసికొనవలసిన బిళ్ళను దినదినము అన్నచో అక్కడికక్కడే సరిదిద్దవచ్చును. ఇది ఊహ కాదు. కీళ్ళవాతమునకు ఇచ్చు మెథోట్రెక్సేట్ అను మందు వారమునకు ఒక దినమే వాడవలసినది. దినదినము మ్రింగి ప్రాణములు గోలుపోయినవారు పలు దేశములలో గలరు. చదువురానివారికి రేకు మీద సూర్యుని గుర్తు, చంద్రుని గుర్తు పెన్నుతో వేసి యిచ్చు నర్సులు గలరు. వారపు మందుకు ఆ గుర్తులు చాలవు. "శనివారము" అనియో "సంత దినము" అనియో దినము పేరే నోట పలికింపవలెను.

శ్రోతలు చేయదగినది ఒకటి. ఈమారు ఆరోగ్యకేంద్రమునకు పోవునపుడు ఇంటిలోని మందులన్నియు, నొప్పిబిళ్ళలు, పొట్లములు, ఆకుపసరు లేహ్యములు, కంటిచుక్కలతో సహా, ఒక సంచిలో వేసికొని పోయి నర్సు ముందు బల్లమీద కుమ్మరింపుడు. పురుగుమందు డబ్బాలున్న అటకమీద ఇంటిమందుల సీసాలు కూడ ఉన్నచో, సంచి నింపునపుడే వానిని వేరుచేయుడు. రేకు కత్తిరించునపుడు పేరు, గడువు తేదీ ఉన్న కొసను కడపటిదాక ఉంచుడు. ఏదేని మందు వలన దద్దురులు, ముఖము వాపు, మూత్రము తగ్గుట వంటివి కలిగినచో వెంటనే వైద్యునికి చూపవలెను. ఆ ఖాళీ రేకును పారవేయరాదు. మందుల వలన కలుగు కీడును నమోదు చేయుటకు 2010లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము ఒకటి గలదు. అందుకైన ఫారము తెలుగులోను లభించును. రోగియే స్వయముగా నింపవచ్చును. పనిదినములలో పగటివేళ ఖర్చు లేకుండ ఫోను చేయుటకు సంఖ్య 1800-180-3024.